హిజ్రత్: ఇల్లు వదిలిన ఏడు నుంచే సంవత్సరాల లెక్క ఎందుకు మొదలైంది?

సాంఘికం మాస్టారు · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ వారం ఇస్లాం ఆవిర్భావం పాఠం నడుస్తోంది. క్రీ.శ. 622లో ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనా వెళ్లారు, దాన్ని హిజ్రా (హిజ్రత్) అంటారు, హిజ్రీ శకం అప్పటి నుంచే మొదలవుతుంది అని బోర్డు మీద రాశాను. ఇంతకాలం ఆ రెండు వాక్యాలతోనే సరిపెట్టేవాణ్ణి.

వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచాడు. వాళ్ల నాన్న కువైట్లో ఉంటాడు. "సార్, సొంత ఊళ్లో ఉండనివ్వక వెళ్లిపోయారంటే అది బాధే కదా. పుట్టిన రోజు నుంచో, గెలిచిన రోజు నుంచో కాకుండా ఆ రోజు నుంచి ఎందుకు లెక్కపెట్టుకుంటారు?" అని అడిగాడు.

నా దగ్గర సమాధానం లేదు. సోమవారం చెబుతానన్నాను. పరీక్షలో రాసే జవాబు నాకు తెలుసు, అది వద్దు. మీ ఇళ్లలో ఈ సంగతి ఎలా చెప్పుకుంటారో వినాలని ఉంది. నేను ముస్లింను కాను. మాటల్లో ఎక్కడైనా పొరపాటు దొర్లితే సరిదిద్దండి.

సీరత్ చదువరి · శనివారం రాత్రి 10:02

మాస్టారూ, మీ విద్యార్థి అడిగిన ప్రశ్న సహాబీలు, అంటే ప్రవక్త సహచరులు, కూడా వేసుకున్నదే.

ప్రవక్త (స, అంటే ఆయనకు దీవెనలు, శాంతి కలగాలి) జీవించి ఉన్న రోజుల్లో హిజ్రీ శకం ఇలా స్థిరపడలేదు. అరబ్బులకు నెలల పేర్లుండేవి కానీ ఏళ్లకు వరుస అంకెలుండేవి కావు. "ఏనుగుల సంవత్సరం" అన్నట్టు ఏదో ఒక పెద్ద సంఘటనతో గుర్తుపెట్టుకునేవారు. రెండో ఖలీఫా ఉమర్ (ర, అంటే అల్లాహ్ ఆయన్ను ఇష్టపడాలి) కాలానికి రాజ్యం ఇరాక్, సిరియా దాకా పెరిగింది. అప్పుడు అబూ మూసా అష్అరీ (ర), "మీ ఉత్తరాలకు తేదీ ఉండటం లేదు, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు" అని రాశారు. ఉమర్ సహచరులను కూర్చోబెట్టి సలహా అడిగారు. ప్రవక్త జన్మ నుంచి మొదలుపెడదామని, దైవవాణి మొదలైన రోజు నుంచి అని, ఆయన మరణం నుంచి అని రకరకాల అభిప్రాయాలు వచ్చాయి. హిజ్రత్ నుంచి అన్న మాట నిలిచింది. ఆ సలహా ప్రవక్త అల్లుడు అలీ (ర) ఇచ్చారని చెబుతారు. సత్యాన్నీ అసత్యాన్నీ వేరుచేసిన ఘట్టం హిజ్రత్ అని ఉమర్ చెప్పిన కారణం. ఇది హిజ్రత్ జరిగాక దాదాపు 17వ ఏట, అంటే 638 ప్రాంతంలో.

ఇంకొక్కటి. హిజ్రత్ ముహర్రం 1న జరిగిందని చాలామంది, ముస్లింలు కూడా, అనుకుంటారు. అది సరికాదు. ప్రవక్త (స) మదీనా పొలిమేరల్లోని ఖుబా చేరింది రబీఉల్ అవ్వల్ నెలలో, మన లెక్కలో 622 సెప్టెంబరు. అరబ్బుల ఏడాది ముహర్రంతో మొదలయ్యేది కాబట్టి ఆ ఏటి ముహర్రం 1ని, అంటే 622 జూలై 16ను, శకానికి తొలి రోజుగా తీసుకున్నారు.

పహాణీ తాత · శనివారం రాత్రి 10:40

మతం సంగతి పెద్దలు చెబుతారు. తహసీల్దార్ ఆఫీసులో ముప్పై ఏళ్లు రికార్డులు రాసినవాడిగా ఒక మాట చెబుతాను. మాస్టారూ, మీ పిల్లల్ని ఇంట్లో ఉన్న పాత అడంగల్ గానీ పహాణీ గానీ తీసి చూడమనండి. పైన ఫసలీ అని ఒక అంకె ఉంటుంది. 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 దాకా ఫసలీ 1434. అది ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? హిజ్రీ నుంచే.

హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులు. చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రైతు శిస్తు కట్టేది పంట చేతికొచ్చాక. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. అందుకని షాజహాన్ కాలంలో దక్కన్లో 1636లో, అప్పటి హిజ్రీ అంకె 1046ను తీసుకుని, అక్కడి నుంచి సూర్యమానంలో నడిపించారు. ఫసల్ అంటే పంట. 1636 నుంచి 2024కు 388 ఏళ్లు, 1046కు కలిపితే 1434. అదే కాలంలో చంద్రుడి లెక్క 400 ఏళ్లు తిరిగింది, అందుకే ఆ ఏడు హిజ్రీ 1446. రెండింటికీ పన్నెండేళ్ల తేడా.

ఆ అంకెకు మూలం ఒక ఎడారి ప్రయాణమని తెలియకుండానే మన తాతలు ఎన్ని దస్తావేజుల మీద వేలిముద్రలు వేశారో. చార్మినార్ కట్టిన 1591 కూడా హిజ్రీలో వెయ్యో సంవత్సరం మొదలైన ఏడే.

సాంఘికం మాస్టారు · ఆదివారం ఉదయం 7:15

తాతగారూ, ఇది నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో పట్టాదారు కాగితాల్లో ఫసలీ చూశాను, అదేదో పాత సర్కారు లెక్క అనుకునేవాణ్ణి.

చదువరి గారూ, లెక్క అర్థమైంది. కానీ వాడి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. వెళ్లిపోవడాన్ని గెలుపుగా ఎలా చూస్తారు?

సీరత్ చదువరి · ఆదివారం ఉదయం 8:30

పారిపోవడం అన్న మాట హిజ్రత్‌కు అతకదు. ఎందుకో జరిగింది జరిగినట్టు చెబుతాను.

మక్కాలో పదమూడేళ్లు గడిచాయి. సుమయ్యా (ర) అనే బీద స్త్రీని చంపేశారు. ఇస్లాంలో మొదటి అమరురాలు ఆమే. బిలాల్ (ర) బానిస. కాలే ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టారు. 619లో ప్రవక్త భార్య ఖదీజా (ర), ఆయనకు అండగా నిలిచిన పెదతండ్రి అబూ తాలిబ్ కొద్ది రోజుల తేడాలో పోయారు. తాయిఫ్ వెళ్తే రాళ్లతో కొట్టి పంపారు.

అక్కడి నుంచి మూడేళ్లు ఒక్కో ఇటుకా పేర్చినట్టు పని జరిగింది. 620లో హజ్ రోజుల్లో యస్రిబ్ (మదీనాకు అప్పటి పేరు) నుంచి వచ్చిన ఆరుగురు ఆయన మాట విన్నారు. మరుసటి ఏడు పన్నెండు మంది వచ్చి అఖబా అనే కనుమ దగ్గర ప్రమాణం చేశారు. వాళ్లకు చదువు చెప్పడానికి ముస్అబ్ బిన్ ఉమైర్ (ర) అనే యువకుణ్ణి పంపారు. 622లో డెబ్బై ముగ్గురు పురుషులు, ఇద్దరు స్త్రీలు అర్ధరాత్రి అదే చోట కలిసి, "మా ఆలుబిడ్డల్ని ఎలా కాపాడుకుంటామో మిమ్మల్నీ అలాగే కాపాడతాం" అని మాటిచ్చారు. యస్రిబ్‌కు కూడా వీళ్ల అవసరం ఉంది. అక్కడి ఔస్, ఖజ్రజ్ తెగలు ఏళ్ల తరబడి కొట్టుకుని అలసిపోయాయి. అంటే వెళ్లే చోటు సిద్ధమయ్యాకే ప్రయాణం మొదలైంది.

ముందుగా సహచరులు చిన్న చిన్న గుంపులుగా వెళ్లిపోయారు. ప్రవక్త (స) దాదాపు అందరినీ పంపి చివరికి మిగిలారు. ఈ ఒక్క విషయం మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. పారిపోయే నాయకుడు ముందు వెళ్తాడు.

ఆయన్ను చంపాలని మక్కాలో పెత్తనం చేసే ఖురైష్ తెగ పెద్దలు తీర్మానించిన రాత్రి కూడా వాళ్లలో చాలామంది సొమ్ములు ఆయన ఇంట్లోనే దాచుకుని ఉన్నాయి. శత్రువని తిడుతూనే నమ్మకస్తుడని ఆయన దగ్గరే దాచుకునేవారు. అలీని (ర) తన పక్క మీద పడుకోమని, తర్వాత ఎవరి అమానతు వాళ్లకు అప్పగించి రమ్మని చెప్పి బయల్దేరారు. అలీ మూడు రోజులు ఆగి ఆ పని పూర్తిచేసి కాలినడకన మదీనా చేరారు.

మదీనా ఉత్తరాన ఉంది. ప్రవక్త, ఆయన వెంట వెళ్లిన స్నేహితుడు అబూ బక్ర్ (ర) మొదట వెళ్లింది దక్షిణాన సౌర్ కొండ గుహకు. మూడు రాత్రులు అక్కడే. అబూ బక్ర్ (ర) కొడుకు అబ్దుల్లాహ్ పగలు మక్కాలో తిరిగి కబుర్లు సేకరించి చీకటి పడ్డాక తెచ్చేవాడు. ఆమిర్ బిన్ ఫుహైరా అనే కాపరి మేకల్ని అటు తోలుకొచ్చి పాలు ఇచ్చేవాడు, ఆ మందతోనే అడుగుజాడలు చెరిపేసేవాడు. అబూ బక్ర్ కూతురు అస్మా (ర) తిండి మూట కట్టడానికి తాడు దొరక్క తన నడికట్టును రెండుగా చించింది. అందుకే ఆమెకు "రెండు నడికట్ల ఆమె" అని పేరు. దారి చూపింది అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. ఆయన ముస్లిం కాదు, కూలికి కుదిరిన మార్గదర్శి. నూరు ఒంటెల బహుమానం ప్రకటించి ఉన్నా ఆయన నోరు విప్పలేదు.

జిద్దా డ్రైవర్ · ఆదివారం ఉదయం 11:05

సలాం అందరికీ. నాది జగిత్యాల దిక్కు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ బండి నడుపుతున్నాను. మక్కా నుంచి మదీనాకు ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. సుమారు 450 కిలోమీటర్లు. ఇప్పుడు 2018 నుంచి హరమైన్ రైలు ఉంది, గంటకు 300 కిలోమీటర్ల వేగం. రైల్లో నిద్రపోయి లేచేసరికి మదీనా వస్తది.

ఒకసారి సెలవు రోజున సౌర్ కొండ ఎక్కాను. తెల్లవారకముందే మొదలుపెట్టినా గంటన్నర పైనే పట్టింది. చేతిలో నీళ్ల సీసా, కాళ్లకు మంచి బూట్లు, వెనక తరుముతున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా మోకాళ్లు వణికాయి. పైన గుహ చాలా చిన్నది, వంగి దూరాలి. "వాళ్లలో ఒకడు తన కాళ్ల వైపు చూసుకున్నా మనం కనపడిపోతాం" అని అబూ బక్ర్ (ర) ఎందుకన్నారో అక్కడ కూర్చుంటే తెలిసింది. "దిగులు పడకు, అల్లాహ్ మనతో ఉన్నాడు" అన్న ఆయత్ (ఖురాన్ వాక్యం) తౌబా సూరాలో (అధ్యాయంలో) చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. ఆ రాళ్ల మధ్య చదివితే గొంతు పూడుకుపోయింది.

బండి నడిపేవాడిగా నాకు ఆ ఇబ్నె ఉరైఖిత్ మీద ప్రత్యేకమైన గౌరవం. రోజూ పోయే బాట వదిలి సముద్రం వైపు తిప్పి తీసుకుపోయాడు. దారి తెలిసినవాడి నమ్మకం అంటే అది.

మిర్చియార్డు · ఆదివారం మధ్యాహ్నం 12:20

గుహ ద్వారం దగ్గర సాలెపురుగు గూడు కట్టిందని, పావురాలు గుడ్లు పెట్టాయని మా నానమ్మ చెప్పేది. పై పోస్టుల్లో ఎవరూ రాయలేదేం?

సీరత్ చదువరి · ఆదివారం మధ్యాహ్నం 12:45

కావాలనే రాయలేదు. సాలెగూడు ఉల్లేఖనం బలం గురించి పండితుల్లో భేదాభిప్రాయం ఉంది, పావురాల కథ బలహీనమైనదనే చెబుతారు. మాస్టారు క్లాసులో చెప్పబోతున్నారు కాబట్టి గట్టి ఆధారం ఉన్నవే రాశాను. మీ నానమ్మ చెప్పిన కథ మీద నాకు ప్రేమే, నేనూ అదే వింటూ పెరిగాను.

కొండపల్లి అక్క · ఆదివారం మధ్యాహ్నం 3:30

మీరంతా గుహ గురించి, దారి గురించి చెప్పారు. హిజ్రత్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఉమ్మె సలమా (ర). మాస్టారూ, మీ క్లాసులో ఆడపిల్లలకు ఈ కథ చెప్పండి.

ఆమె భర్త అబూ సలమా. ఒంటె మీద ఆమెను ఎక్కించి, ఒళ్లో చంటివాడు సలమాను పెట్టి మదీనా బయల్దేరాడు. ఆమె పుట్టింటివాళ్లు అడ్డం వచ్చారు. "నువ్వు పోతే పో, మా పిల్లను ఊళ్లు తిప్పుతానంటే ఊరుకోం" అని ఆయన చేతిలోంచి తాడు లాక్కున్నారు. అది చూసి అత్తింటివాళ్లకు కోపం వచ్చింది. "మీ పిల్లను మీరు ఉంచుకుంటే మా బిడ్డను మేం తీసుకుపోతాం" అన్నారు. ఇద్దరూ చెరోవైపు లాగితే ఆ పసివాడి చెయ్యి గూడ తప్పింది. బిడ్డను వాళ్లు పట్టుకుపోయారు. భర్త మదీనా వెళ్లిపోయాడు. ముగ్గురూ మూడు చోట్ల.

ఆమె రోజూ పొద్దున్నే అబ్తహ్ అనే చోటికి వెళ్లి కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చేది. ఒక రోజు రెండు రోజులు కాదు, దాదాపు ఏడాది. చివరికి బంధువుల్లో ఒకాయన చూడలేక, "ఈ దిక్కులేనిదాన్ని వదిలిపెట్టరా?" అని మందలిస్తే వెళ్లనిచ్చారు. బిడ్డనూ తిరిగి ఇచ్చారు. ఒంటె ఎక్కి బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా బయల్దేరింది. మనిషి తోడు లేదు.

మక్కా దాటగానే తన్ఈమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురయ్యాడు. అప్పటికి ముస్లిం కాదు, ఖురైష్ మనిషి. "ఎక్కడికి? నీతో ఎవరూ లేరా?" అన్నాడు. "అల్లాహ్, ఈ నా బిడ్డ. ఇంకెవరూ లేరు" అంది. "నిన్ను ఇలా వదలకూడదు" అని ఒంటె తాడు పట్టుకుని నడిచాడు. మజిలీ వచ్చినప్పుడల్లా ఒంటెను కూర్చోబెట్టి దూరంగా జరిగేవాడు. ఆమె దిగాక ఒంటెను చెట్టుకు కట్టేసి ఎక్కడో ఇంకో చెట్టు కింద పడుకునేవాడు. బయల్దేరే వేళకు ఒంటెను సిద్ధం చేసి, ఆమె ఎక్కేదాకా పక్కకు వెళ్లి నిలబడేవాడు. ఖుబా కనపడగానే, "నీ భర్త ఈ ఊళ్లోనే ఉన్నాడు, వెళ్లు" అని చెప్పి వెనక్కి తిరిగాడు. అన్ని రోజుల దారి, మళ్లీ అంత దారి. "అంతటి మర్యాదస్తుణ్ణి నేను అరబ్బుల్లో చూడలేదు" అని ఆమే తర్వాత చెప్పుకుంది.

నా సంగతి కూడా కొంచెం చెబుతాను. మా ఆయన గల్ఫ్ వెళ్లిన కొత్తలో యజమాని పాస్‌పోర్ట్ తన దగ్గరే పెట్టుకుని నాలుగేళ్లు సెలవు ఇవ్వలేదు. పాప పుట్టింది, నడిచింది, బడికి వెళ్లింది, ఆయన ఫోటోల్లోనే చూశారు. ఆ రోజుల్లో మా వీధి మస్జిద్‌లో ఆడవాళ్ల క్లాసులో ఈ కథ మొదటిసారి విన్నాను. అబ్తహ్ దగ్గర ఏడాది ఏడ్చిన ఆమెను అల్లాహ్ మర్చిపోలేదు కదా అనుకుంటూ ఇంటికి నడిచాను.

జిద్దా డ్రైవర్ · ఆదివారం సాయంత్రం 5:00

అక్కా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

ఒక మాట మాత్రం మనసులో ఉన్నది చెప్పాలి. మన గల్ఫ్ ప్రయాణాన్ని కొందరు హిజ్రత్ అంటారు. నాకు ఆ పేరు పెట్టుకోవాలంటే భయం. బుఖారీ గ్రంథంలో మొదటి హదీసే (ప్రవక్త మాట) ఉంది కదా: పనులన్నీ సంకల్పాన్ని, అంటే నియ్యత్‌ను బట్టే. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం వెళ్లినవాడి హిజ్రత్ అటే లెక్క. లోకంలో లాభం కోసమో, ఒక స్త్రీని పెళ్లాడటం కోసమో వెళ్లినవాడిది దాని కోసమే. నేను బోరు ఎండిపోయి, అప్పు తీర్చడానికి వచ్చాను. ఇది వలస. ఇందులో సిగ్గు లేదు, కానీ ఆ పెద్ద మాట నాది కాదు.

కొండపల్లి అక్క · ఆదివారం సాయంత్రం 5:40

తమ్ముడూ, నేనూ మా ఆయనది హిజ్రత్ అనడం లేదు. ఆలుబిడ్డల తిండి కోసం చెమటోడ్చడం కూడా పుణ్యమే, దాని పేరు వేరు. నేను ఆమె దగ్గర తీసుకున్నది ఓర్పు ఒక్కటే.

కొత్త సభ్యుడు 22 · ఆదివారం రాత్రి 8:15

అస్సలాము అలైకుమ్. నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఈ మధ్య ఒక వీడియోలో ఒకాయన చెప్పాడు, ముస్లిం కాని రాజ్యంలో ఉంటే హిజ్రత్ చేయడం ఇప్పటికీ తప్పనిసరి అని. నిసా సూరాలో "అల్లాహ్ భూమి విశాలంగా లేదా, మీరు వలస పోకూడదా?" అన్న ఆయత్ చూపించాడు. రెండు వారాలుగా టెన్షన్‌గా ఉంది. అమ్మానాన్నలను వదిలి ఎక్కడికి పోవాలి? ఇది నిజమేనా?

సీరత్ చదువరి · ఆదివారం రాత్రి 9:30

తమ్ముడూ, అడిగి మంచిపని చేశావు. ఆయత్‌ను సగం చదివి భయపెట్టేవాళ్లు ఉంటారు. అది ఎవరి గురించి వచ్చిందో చూడు. మక్కాలో దీన్ (ధర్మం) పాటించనివ్వని రోజుల్లో, వెళ్లే శక్తి ఉండి కూడా వెళ్లని వాళ్ల గురించి. వెంటనే తర్వాతి ఆయత్‌లోనే దారీ తెన్నూ లేని బలహీన పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు ఉంది. మక్కా విజయం తర్వాత ప్రవక్తే (స), "విజయం తర్వాత హిజ్రత్ లేదు, ఇక ధర్మం కోసం పాటుపడటం, నియ్యత్ ఉన్నాయి" అని చెప్పారు. ఎక్కడైనా నమాజు చదవనివ్వక, దీన్ మీద నిలబడనివ్వక హింసిస్తుంటే అక్కడి సంగతి పండితులు వేరుగా చూస్తారు. నువ్వు ఐదు పూటలా అజాన్ వింటున్నావు, రంజాన్‌లో ఉపవాసం ఉంటున్నావు. నీకు ఆ మాట ఎలా వర్తిస్తుంది?

అసలు మొదటి హిజ్రత్ ఎక్కడికి జరిగింది? మదీనాకు కాదు. 615లో ఎర్ర సముద్రం దాటి అబిసీనియాకు (నేటి ఇథియోపియా వైపు). మొదటి గుంపులో పదిహేను మంది దాకా ఉన్నారు, ప్రవక్త కూతురు రుఖయ్యా (ర), అల్లుడు ఉస్మాన్ (ర) అందులోనే. అక్కడి రాజు నజ్జాషీ క్రైస్తవుడు. "ఆయన రాజ్యంలో ఎవరికీ అన్యాయం జరగదు" అని చెప్పి ప్రవక్తే (స) పంపారు. తర్వాత ఎనభై మందికి పైగా పురుషులు, వాళ్ల కుటుంబాలు వెళ్లాయి. ఖురైష్‌వాళ్లు అమ్ర్ బిన్ ఆస్‌కు తోలు కానుకలు ఇచ్చి, వీళ్లను పట్టి అప్పగించమని రాజు దగ్గరికి పంపారు. రాజు రెండు పక్షాల మాటా విన్నాడు. వలస వెళ్లినవాళ్ల తరఫున మాట్లాడిన జాఫర్ (ర) మర్యమ్ సూరా చదివితే కంటతడి పెట్టుకున్నాడు. అప్పగించనన్నాడు, కానుకలు తిప్పి పంపాడు.

ఇప్పుడు ఇది చూడు. 622లో మదీనా సిద్ధమైంది. జాఫర్, ఆయనతో ఉన్నవాళ్లు వెంటనే వచ్చేశారా? లేదు. హిజ్రీ 7 దాకా, అంటే 628 దాకా, ఆ క్రైస్తవ రాజు నీడలోనే ఉన్నారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. నజ్జాషీ చనిపోయినప్పుడు ప్రవక్త (స) మదీనాలో ఆయన కోసం జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చదివించారు.

పహాణీ తాత · ఆదివారం రాత్రి 10:10

ఆ కుర్రాడికి చరిత్ర నుంచి ఇంకో మాట. 1920లో ఖిలాఫత్ రోజుల్లో ఇలాంటి పిలుపే ఇచ్చారు. బ్రిటిష్ ఇండియా వదిలి అఫ్గానిస్తాన్ పోవాలని. సింధు, పంజాబు, వాయవ్య సరిహద్దు రాష్ట్రాల నుంచి వేల మంది పొలాలు, పశువులు అయినకాడికి అమ్ముకుని ఖైబర్ కనుమ దాటారు. అంతమందికి తిండి పెట్టలేక ఆగస్టులో అమానుల్లా ప్రభుత్వం రాక ఆపేసింది. ఎంతోమంది దారిలో జబ్బులతో, ఎండతో చనిపోయారు. తిరిగొచ్చినవాళ్లకు ఇల్లూ లేదు, పొలమూ లేదు. పిలుపు ఇచ్చినవాళ్లలో చాలామంది గడప దాటలేదు. యస్రిబ్‌లో ముందు ప్రమాణం జరిగి, ఇళ్లు సిద్ధమయ్యాకే ప్రయాణమని చదువరి గారు పైన రాశారు కదా, తేడా అక్కడే ఉంది. బాబూ, నువ్వు పరీక్షలు బాగా రాయి, మీ అమ్మను కష్టపెట్టకు.

కొత్త సభ్యుడు 22 · ఆదివారం రాత్రి 10:35

జజాకల్లాహు ఖైర్ అందరికీ. అబిసీనియా గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మనసు తేలికపడింది.

కొండపల్లి అక్క · ఆదివారం రాత్రి 10:50

బాబూ, ప్రవక్త (స) చెప్పిన ఇంకో హదీసు ఉంది, "అల్లాహ్ వద్దన్నవాటిని వదిలేసినవాడే ముహాజిర్ (హిజ్రత్ చేసినవాడు)" అని. అబద్ధాన్ని వదలడానికి, చాడీలు వదలడానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు. నేను పదేళ్లుగా చాడీల హిజ్రత్ మీదే ఉన్నాను, ఇంకా సగం దారి కూడా కాలేదు.

అబిసీనియా నుంచి వచ్చినవాళ్లలో అస్మా బిన్తె ఉమైస్ (ర) ఉంది, జాఫర్ భార్య. ఆమె మదీనా వచ్చాక ఒకరోజు ఉమర్ (ర), "హిజ్రత్‌లో మేం మీకంటే ముందున్నాం, ప్రవక్త మీద మాకే ఎక్కువ హక్కు" అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. "మీరు ఆయన దగ్గరే ఉన్నారు. ఆకలైతే ఆయన అన్నం పెట్టారు, తెలియకపోతే చెప్పారు. మేం ఎక్కడో పరాయి గడ్డ మీద భయపడుతూ బతికాం" అని, ఈ మాట ప్రవక్తనే అడుగుతానని వెళ్లి అడిగింది. "వాళ్లది ఒక హిజ్రత్, ఓడలో వచ్చిన మీది రెండు" అన్నారాయన. ఆ మాట ఆమె నోటితో వినడానికి ఓడవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చేవారట.

మిర్చియార్డు · సోమవారం ఉదయం 6:40

వెళ్లినవాళ్ల గురించి ఇంత చెప్పారు. చేర్చుకున్నవాళ్లను ఎవరూ తలచుకోలేదు. నాకు హిజ్రత్‌లో సగం అన్సార్లే, అంటే ఆశ్రయమిచ్చిన మదీనావాళ్లే.

మాది వ్యాపారం, అందుకే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) కథ ఇష్టం. మక్కాలో సంపన్నుడు, మదీనా వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. ప్రవక్త (స) ఒక్కో ముహాజిర్‌కు ఒక్కో అన్సారీని సోదరుడిగా జత చేశారు. ఈయనకు సోదరుడు సఅద్ బిన్ రబీ (ర). "నా ఆస్తిలో సగం నీది" అన్నాడు సఅద్. ఈయన, "అల్లాహ్ నీకు, నీ ఆస్తికి బర్కత్ ఇవ్వాలి. బజారు ఎటో చూపించు చాలు" అన్నాడు. జున్ను, నెయ్యి కొని అమ్మి నిలదొక్కుకున్నాడు. ఇచ్చేవాడు సగం ఇస్తానన్నాడు, తీసుకునేవాడు బజారు దారి అడిగాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో నేను తేల్చుకోలేను.

అబూ అయ్యూబ్ అన్సారీ (ర) ఇంట్లో ప్రవక్త (స) కింది అంతస్తులో ఉండేవారు. ఒక రాత్రి పైన నీళ్ల కుండ పగిలింది. నీళ్లు ఆయన మీద కారతాయేమోనని భార్యాభర్తలు తమకున్న ఒక్క దుప్పటితో తుడిచేశారు. ఇక వాళ్లు దేంతో కప్పుకున్నారో! హష్ర్ సూరాలో "తమకే కొరత ఉన్నా ఇతరులకే ప్రాధాన్యం ఇస్తారు" అని వాళ్ల గురించే ఉంది.

జిద్దా డ్రైవర్ · సోమవారం ఉదయం 7:25

అయినా సొంత ఊరు సొంత ఊరే. మదీనాలో అంత ప్రేమ దొరికినా కొత్త గాలి పడక అబూ బక్ర్, బిలాల్ (ర) జ్వరంతో మంచం పట్టారు. జ్వరం తగ్గినప్పుడల్లా బిలాల్ పాడుకునేవాడట, చుట్టూ ఇజ్ఖిర్ గడ్డి, జలీల్ గడ్డి ఉన్న ఆ లోయలో మళ్లీ ఒక రాత్రి గడుపుతానా అని. ఏ మక్కాలో గుండె మీద బండ పెట్టారో ఆ మక్కా గడ్డి కోసమే. ప్రవక్త (స) వాళ్లను కోప్పడలేదు. "మక్కా మీద ఉన్నంత ప్రేమ, ఇంకా ఎక్కువ ప్రేమ మాకు మదీనా మీద కలిగించు" అని దుఆ (ప్రార్థన) చేశారు. రాత్రి రూములో మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చినప్పుడు ఈ హదీసు నాకు ధైర్యం.

సాంఘికం మాస్టారు · సోమవారం సాయంత్రం 5:20

ఇవాళ పాఠం చెప్పాను. నలభై నిమిషాల పీరియడ్ సరిపోక ఆటల పీరియడ్ కూడా తీసుకున్నాను. పిల్లలు అభ్యంతరం చెప్పలేదు. చివరికి మిగిలిన నాయకుడి సంగతి, అమానతులు అప్పగించిన సంగతి, బజారు చూపమన్న సంగతి చెప్పాను. ఉమ్మె సలమా కథ చెబుతుంటే క్లాసు నిశ్శబ్దమైపోయింది. ప్రశ్న అడిగిన అబ్బాయి చివర్లో, "అయితే సార్, మా నాన్న వచ్చే రోజు నుంచి కాదు, వెళ్లిన రోజు నుంచే మా అమ్మ లెక్కపెడుతుంది" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను.

ఒక అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. ఒంటె తాడు పట్టుకుని ఆమెను దిగబెట్టి వెనక్కి వెళ్లిపోయిన ఆ ఉస్మాన్ తర్వాత ఏమయ్యాడు? రేపు చెబుతానన్నాను.

సీరత్ చదువరి · సోమవారం రాత్రి 9:05

ఆయన వంశంవాళ్లు కాబా తలుపు తాళం చెవులు ఉంచుకునేవాళ్లు. దాదాపు ఏడేళ్లు మక్కాలోనే, పాత మతంలోనే ఉన్నాడు. హిజ్రీ 8లో తనంతట తానే మదీనా వచ్చి ఇస్లాం స్వీకరించాడు. ఆయనతో కలిసి వచ్చినవాళ్లలో అమ్ర్ బిన్ ఆస్ కూడా ఉన్నారు, అబిసీనియా దాకా ముస్లింలను వెంబడించిన ఆయనే.

అదే ఏడు మక్కా విజయం. కాబా తాళం చెవి ప్రవక్త (స) చేతికి వచ్చింది. సొంత బంధువులే ఆ గౌరవం తమకు ఇమ్మని అడిగారు. ఆయన ఉస్మాన్ బిన్ తల్హాను పిలిచి చెవి తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. ఇది ఎప్పటికీ మీ దగ్గరే ఉంటుంది, దౌర్జన్యపరుడు తప్ప మీ నుంచి ఎవరూ లాక్కోరు అన్నారు. "అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించండి" అనే నిసా సూరా ఆయత్‌ను ఈ సందర్భంతోనే చెబుతారు. ఉస్మాన్ తర్వాత ఆ చెవి ఆయన పినతండ్రి కొడుకు షైబా సంతతికి చేరింది. ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది.

కొండపల్లి అక్క · సోమవారం రాత్రి 9:50

ఇన్నేళ్లుగా ఈ కథ చెబుతున్నాను, ఒంటె తాడు పట్టిన చెయ్యీ ఆ తాళం చెవి అందుకున్న చెయ్యీ ఒక్కటేనని నాకు తెలియదు. పది గంటలకు మా ఆయన ఫోన్ చేస్తారు. మొదట ఇదే చెబుతాను.